తెలుగునేల ఖనిజ చరిత్ర: తీరం కింది మూడు పొరలు

రేపల్లె నుంచి నిజాంపట్నం, అడవులదీవి మీదుగా బాపట్ల దాకా ఉన్న నేలలో బావి తవ్వితే రాయి తగలదు. పైన ఒండ్రు, దాని కింద బంకమన్ను, మళ్ళీ ఇసుక. సముద్రం వైపు వెళ్ళేకొద్దీ ఇసుక దిబ్బలు, ఉప్పునీటి పాయలు, మడ అడవులు కనిపిస్తాయి. గనుల కోసం వెతికేవాడికి ఈ నేల పైకి ఏమీ చూపించదు. అయినా 1870లలో భారత భూవిజ్ఞాన సర్వే ఈ తీరాన్ని పరిశీలించే పని ఒక ఖనిజ నిపుణుడికి అప్పగించింది. పదిహేనో అక్షాంశ రేఖ నుంచి, అంటే కావలి ఎగువ నుంచి, మచిలీపట్నం దాకా ఉన్న తీరపు భూనిర్మాణం గురించి అతడు రాసిన నివేదిక 1879లో సర్వే వారి ‘మెమాయిర్స్’ పదహారో సంపుటంలో అచ్చయింది. అతని పేరు రాబర్ట్ బ్రూస్ ఫుట్. ఫుట్ పేరు వినగానే చరిత్ర విద్యార్థులకు పల్లవరం రాతి గొడ్డలి గుర్తుకొస్తుంది. తెలుగువారికి అతని కృష్ణా తీరపు నివేదిక అంతకు తక్కువైనది కాదు.

ఫుట్ 1834లో ఇంగ్లండులోని చెల్టన్‌హామ్‌లో పుట్టాడు. 1858లో, ఇరవై నాలుగేళ్ల వయసులో, సర్వే ఉద్యోగిగా మద్రాసు రాజధానికి వచ్చాడు. అప్పటికి సర్వే మొదలై ఏడేళ్లే అయింది. 1851లో థామస్ ఓల్డ్‌హామ్ కలకత్తాలో దాని బాధ్యత తీసుకున్నప్పుడు ప్రభుత్వానికి ముందుగా కావలసింది బొగ్గు. ఆవిరి ఓడలు నడుస్తున్నాయి, రైలు పట్టాలు పడుతున్నాయి. ఇంగ్లండు నుంచి ఓడల్లో తెచ్చుకునే బొగ్గుతో దేశమంతా రైళ్లు నడపడం సాధ్యం కాదు. ఓల్డ్‌హామ్ మాత్రం ఒక్క బొగ్గు కోసమే దేశాన్ని తవ్విచూడడానికి ఒప్పుకోలేదు. ముందు రాళ్ల వరుస తెలియాలి, ఏది ఏ కాలానిదో తేలాలి, పటం తయారు కావాలి, ఆ తర్వాతే గని అన్నది అతని పట్టుదల. ఫుట్ ఉద్యోగ జీవితమంతా ఈ పద్ధతిలోనే నడిచింది.

మద్రాసు బృందంలో ఫుట్‌కు దగ్గరి సహోద్యోగి విలియం కింగ్. ఇద్దరూ కలిసి సేలం, తిరుచిరాపల్లి, తంజావూరు, దక్షిణ ఆర్కాటు జిల్లాల్లోని కొన్ని ప్రాంతాల మీద రాసిన నివేదిక మెమాయిర్స్ నాలుగో సంపుటంలో వచ్చింది. సేలం దగ్గరి కంజమలై కొండలో ఉన్న మాగ్నటైట్ ఇనుప రాయి అప్పటికే పేరు పడ్డది. దాన్ని నమ్ముకుని 1830లో జోషయా హీత్ పరంగిపేటలో ఇనుప కర్మాగారం పెట్టాడు. ఖనిజానికి లోటు లేకపోయినా, కరిగించడానికి కావలసిన కర్రబొగ్గు కోసం అడవులు ఖర్చయిపోయాయి. పరిశ్రమ నిలవలేదు. దక్షిణ భారతంలో ఖనిజం వెతికే ప్రతివాడి ముందూ ఉన్న చిక్కు ఇది: ఇనుము ఉంది, బొగ్గు లేదు.

సర్వే ఉద్యోగి ఏడాది రెండు భాగాలుగా గడిచేది. వానలు వెనకపట్టగానే గుడారాలు, ఎడ్లబండ్లు, నౌకర్లతో బయలుదేరి, వేసవి ముదిరేదాకా ఊరూరా మకాం చేసేవాడు. చేతిలో సుత్తి, దిక్సూచి, రాతి పొరల వాలు కొలిచే క్లినోమీటర్, త్రికోణమితి సర్వే వారి పటాలు. వాగు ఒడ్డు తెగిన చోట, దిగుడుబావి తవ్విన చోట, రోడ్డు కోసం కొండను చెక్కిన చోట రాయిని చూసి పటంలో రంగు నింపాలి. వానాకాలం కచేరీలో కూర్చుని ఆ రాతలను నివేదికగా మార్చాలి. 

1863 మే 30న మద్రాసు పక్కన పల్లవరం కవాతు మైదానం దగ్గర గులకల కోసం తవ్విన చిన్న గోతిలో ఫుట్‌కు ఒక రాయి దొరికింది. మామూలు కళ్లకు అది గులకరాయి. రెండు వైపులా పెచ్చులు రాలగొట్టి పదును పెట్టిన పనిముట్టుగా ఫుట్ దాన్ని గుర్తించాడు. అందుకు కారణం ఉంది. ఫ్రాన్సులో సోమ్ నది ఒడ్డున బూషే ద పెర్త్ సేకరించిన రాతి గొడ్డళ్లు నిజంగా అతిప్రాచీన మానవుడివేనని జోసెఫ్ ప్రెస్ట్‌విచ్ వంటి భూవిజ్ఞానులు 1859లో అంగీకరించారు. ఆ చర్చను ఫుట్ శ్రద్ధగా గమనిస్తూ వచ్చాడు. 1863 సెప్టెంబరు 28న కింగ్‌తో కలిసి కొర్తలైయార్ ఒడ్డున అత్తిరంపాక్కంలో ఇంకా పెద్ద స్థావరం కనిపెట్టాడు. 2011లో శాంతి పప్పు బృందం ప్రకటించిన కాలనిర్ణయం ప్రకారం అక్కడి అడుగు పొరల పనిముట్లు సుమారు 15 లక్షల ఏళ్ల నాటివి. భారత ప్రాక్చరిత్ర పరిశోధన అంతా 1863తో మొదలైందని చెప్పాలి. ఫుట్‌కు మాత్రం అది ఉద్యోగం కాదు. జీతం రాళ్ల పటానికి, పనిముట్ల సేకరణ మకాం మకాంకీ మధ్య దొరికిన వేళల్లో చేసిన పని.

తర్వాతి ఏళ్లలో కింగ్, ఫుట్ ఇద్దరూ కడప, కర్నూలు ప్రాంతాల్లో పనిచేశారు. కడప, కర్నూలు శిలావరుసల మీద కింగ్ రాసిన పెద్ద గ్రంథం 1872లో వచ్చింది. బనగానపల్లె దగ్గర వజ్రాలు దొరికే గులకరాతి పొరను వివరించింది అందులోనే. ఆ రోజుల్లోనే కింగ్ నిజాం రాజ్యంలోని ఇల్లందు ప్రాంతంలో బొగ్గు పొరలను గుర్తించాడు. దక్షిణ భారతపు ‘బొగ్గు లేదు’ అన్న చిక్కుకు అది సమాధానం. 1886లో లండన్‌లో పుట్టిన హైదరాబాద్ దక్కన్ కంపెనీ, 1889లో మొదలైన బొగ్గు తవ్వకం, 1920లో సింగరేణి కాలరీస్ ఏర్పాటు, ఇవన్నీ దాని వెంట వచ్చినవే. ఫుట్ 1876లో దక్షిణ మరాఠా ప్రాంతం మీద నివేదిక ముగించాడు. తూర్పు తీరపు వంతు ఆ తర్వాత వచ్చింది.

ఈ తీరానికి ఖనిజాల పేరు కొత్త కాదు. 1244లో కాకతి గణపతిదేవుడు అభయ శాసనం వేయించిన మోటుపల్లి ఇప్పుడు బాపట్ల జిల్లాలోనే ఉంది. మార్కో పోలో ‘ముత్ఫిలి’ అని రాసుకున్న రాజ్యం ఇదేనని, అక్కడ ఏలుతున్నదని అతడు చెప్పిన రాణి రుద్రమదేవి అని పండితుల నిర్ణయం. ఆ రాజ్యపు వజ్రాల గురించి పోలో చెప్పిన కథలు యూరపంతా తిరిగాయి. కృష్ణ ఒడ్డున కొల్లూరు గనిని 1622లో ఇంగ్లీషు వర్తకుడు విలియం మెథోల్డ్, ఆ తర్వాత ఫ్రెంచి వర్తకుడు తావెర్నియే చూశారు. పెదపల్లి అని కూడా పిలిచిన నిజాంపట్నంలో డచ్చివారు 1606లో, ఇంగ్లీషువారు 1611లో వర్తకం మొదలుపెట్టారు. అయితే డెల్టాలో మాత్రం వజ్రమూ లేదు, రాయీ లేదు. రేపల్లె పక్కన భట్టిప్రోలు స్తూపాన్ని ఇటుకతో కట్టుకున్నారు. 1892లో అలెగ్జాండర్ రే ఆ స్తూపంలో వెలికితీసిన స్ఫటికపు భరిణె ఎక్కడో కొండనేలలో పుట్టిన రాయి.

ఫుట్ నివేదికలో డెల్టా ఒక భాగం. అసలు విషయం దాని పడమటి అంచున, ఒంగోలు చుట్టుపక్కల ఉంది. అక్కడ మైదానంలో అక్కడక్కడ చిన్న మిట్టలుగా పొరల రాళ్లు పైకి తేలి ఉంటాయి. పడమట ఉన్న పురాతన నైస్ రాయి మీద ఆనుకుని, తూర్పుకు మెల్లగా వాలుతూ, ఒండ్రు కిందికి వెళ్లిపోతాయి. ఈ చెదురుమదురు మిట్టలను ఒకదానితో ఒకటి పోల్చి ఫుట్ మూడు పొరల వరుస తేల్చాడు. అడుగున బూదవాడ ఇసుకరాయి, అందులో సముద్రపు గుల్లలు. దాని మీద వేమవరం షేల్, పలుచటి పలకలుగా విడిపోయే లేతరంగు బంకరాయి, ఆకుల అచ్చులతో నిండి ఉంటుంది. పైన పావులూరు ఇసుకరాయి, ఎర్రగా గోధుమరంగులో, శిలాజాలు దాదాపు లేనిది. ఇంకొల్లు పక్కన ఉన్న పావులూరు పేరు ఈ విధంగా ప్రపంచ భూవిజ్ఞాన గ్రంథాలకు ఎక్కింది.

వేమవరం ఆకుల దగ్గర కాసేపు ఆగాలి. ఆకు అచ్చులున్న షేల్ కనిపించిందంటే బొగ్గు దగ్గర్లోనే ఉంటుందని ఎవరికైనా ఆశ పుడుతుంది. గోండ్వానా అనే ఇలాంటి పురాతన శిలావరుసలోనే కదా సింగరేణి బొగ్గు దొరికింది! అయితే బొగ్గు పొరల్లో ఉండే ఆకు గ్లోసాప్టెరిస్, నాలుక ఆకారంలో ఉంటుంది. అది పెర్మియన్ కాలపు అడవులది, ఇరవై అయిదు కోట్ల ఏళ్లకు పైబడ్డది. వేమవరంలో దొరికినవి టిలోఫిల్లం వంటి మొక్కల ఆకులు. ఈతాకును గుర్తుచేసే సైకడ్‌ల వంటి ఈ మొక్కలు ఎన్నో కోట్ల ఏళ్ల తర్వాతివి. సర్వేలో శిలాజ వృక్షాలు చూసే ఒట్టోకర్ ఫైస్ట్‌మాంటెల్ మద్రాసు తీరపు సేకరణలను పరీక్షించి 1879లోనే గ్రంథం వెలువరించాడు. ఇవి పై గోండ్వానా వరుసకు చెందినవని, బొగ్గు వరుస కావని దానితో స్థిరపడింది. ఒక ఆకు అచ్చు ఆధారంగా ‘ఇక్కడ బొగ్గు కోసం తవ్వవద్దు’ అని చెప్పగలగడం ఖనిజ నిపుణుడు చేయగల గొప్ప ఉపకారాల్లో ఒకటి. గని దొరికినవాడికి పేరు వస్తుంది. వృథా తవ్వకాన్ని ఆపినవాడికి అది రాదు గాని, ఆదా అయిన డబ్బు, శ్రమ రెండూ నిజమైనవే.

అదే పదహారో సంపుటంలో 1880లో కింగ్ నివేదికలు రెండు వచ్చాయి. ఒకటి నెల్లూరు వైపు నేలల మీద, రెండోది గోదావరి జిల్లా తీరపు పై గోండ్వానా శిలల మీద. కృష్ణకు అవతల, ఏలూరు ఎగువన, కింగ్ కూడా మూడు పొరలే చూశాడు: అడుగున గొల్లపల్లి ఇసుకరాయి, నడుమ రాఘవాపురం షేల్, పైన తిరుపతి ఇసుకరాయి. ఈ తిరుపతి ద్వారకా తిరుమల ఉన్న కొండ, తిరుపతి జిల్లాది కాదు. ఇసుకరాయి, షేల్, ఇసుకరాయి అన్న వరుస రెండు ఒడ్డులా ఒక్కటే. బూదవాడకు గొల్లపల్లి, వేమవరానికి రాఘవాపురం, పావులూరుకు తిరుపతి జోడి అని తర్వాతి భూవిజ్ఞానులు స్థూలంగా కలిపారు. ఇద్దరు మిత్రులు, నూరు మైళ్ల ఎడంలో, ఒకే గ్రంథానికి రెండు అంచులు చదివారన్నమాట. నడుమ పుటలన్నీ తెనాలి, బాపట్ల, రేపల్లె, దివిసీమ ఒండ్రు కింద ఉన్నాయి.

ఆ పుటలు తెరవడానికి దాదాపు వందేళ్లు పట్టింది. 1970ల చివరి నుంచి చమురు, సహజవాయు సంస్థ కృష్ణా గోదావరి డెల్టాల్లో లోతుగా బావులు తవ్వింది. భూకంప తరంగాలతో చేసిన సర్వేలు, బావుల్లో వచ్చిన రాతి ముక్కలు కలిపి చూస్తే సమతలంగా కనిపించే నేల కింద గట్లు, లోయలు బయటపడ్డాయి. తెనాలి, బాపట్లల కింద పురాతన శిల ఒక గట్టులా పైకి లేచి ఉంది. భూవిజ్ఞానులు దాన్ని బాపట్ల–తెనాలి హార్స్ట్ అంటారు. దానికి ఇరుపక్కలా నేల పగుళ్ల వెంట కుంగి, అవక్షేపాలు వేల మీటర్ల మందాన పేరుకున్నాయి. సుమారు 13 కోట్ల ఏళ్ల కిందట భారత భూభాగం అంటార్కిటికా నుంచి విడిపోయే కాలంలో ఈ పగుళ్లు విచ్చుకున్నాయి. ఆ సందుల్లోకి సముద్రం వచ్చి పోతూ ఉండేది. బూదవాడ గుల్లలు, వేమవరం ఆకులు ఒకే వరుసలో కనిపించడానికి కారణం అదే: ఒడ్డున అడవి, పక్కనే సముద్రం. ఇవి జురాసిక్ కాలానివని ఫుట్ తరం అనుకుంది. నేటి లెక్కలో ఎక్కువ భాగం క్రెటేషియస్ తొలి దశవి.

చమురు నిపుణులకు ఈ పాత పేర్లే పనికొచ్చాయి. భూగర్భంలో తగిలిన పొరలకు గొల్లపల్లి, రాఘవాపురం, తిరుపతి అనే పేర్లే పెట్టుకున్నారు. లోతున వేడికి మగ్గిన రాఘవాపురం షేల్ ఈ ప్రాంతపు చమురు, వాయువులకు ముఖ్యమైన పుట్టినిల్లు. మండపేట దగ్గర గొల్లపల్లి ఇసుకరాయిలో వాయువు నిలవ ఉంది. బొగ్గు ఇవ్వని ఆకుల పొర లోతుల్లో ఇంకో ఇంధనాన్ని దాచిపెట్టింది. సుత్తి, క్లినోమీటర్ మాత్రమే ఉన్న ఫుట్ దాన్ని ఊహించే అవకాశం లేదు. అతడు చేసిందల్లా పైకి తేలిన అంచును తప్పు లేకుండా నమోదు చేయడం. కింద ఏముందో వెతికినవారికి పోల్చుకోవడానికి పైన ఒక ఆధారం దొరికింది.

డెల్టా పై పొర గురించి కూడా ఒక మాట. సముద్ర మట్టం నిలకడపడిన గత ఆరేడు వేల ఏళ్లలో కృష్ణ తెచ్చిన ఒండ్రు ఒడ్డును తూర్పుకు జరుపుతూ వచ్చింది. ఒడ్డు ఆగిన చోటల్లా ఒక ఇసుక దిబ్బ వరుస మిగిలింది. ఈ తీరపు ఇసుకలో నల్లని, ఎర్రని చారలు కనిపిస్తాయి. తూర్పు కనుమల ఖోండలైట్ రాళ్లు అరిగి వచ్చిన గార్నెట్, సిల్లిమనైట్, వాటితో పాటు ఇల్మనైట్, మాగ్నటైట్ వంటి బరువైన ఖనిజాలను అలలు కడిగి వేరుచేసిన గుర్తులవి. విశాఖ తీరంలో ఇలాంటి ఇసుకను, అందులోని మోనజైట్‌ను ఆంధ్ర విశ్వవిద్యాలయంలో సి. మహదేవన్, అతని శిష్యులు 1940లలో పరిశోధించడంతో తెలుగు తీరపు ఇసుకకు కూడా ఖనిజాల లెక్కలో చోటు దక్కింది.

తీరం తర్వాత ఫుట్ మధుర, తిరునెల్వేలి జిల్లాలు చూశాడు. 1884లో మళ్లీ తెలుగునేలకు వచ్చాడు. అప్పటి కర్నూలు జిల్లా బేతంచెర్ల దగ్గరి బిల్లసర్గం గుహల గురించి నాలుగు దశాబ్దాల ముందే కెప్టెన్ న్యూబోల్డ్ రాశాడు. వాటిని శాస్త్రీయంగా తవ్వించమని జీవశాస్త్రవేత్త హక్స్‌లీ సూచించగా మద్రాసు గవర్నరు గ్రాంట్ డఫ్ ఆ పని ఫుట్‌కు అప్పగించాడు. ఫుట్ మొదలుపెట్టిన తవ్వకాన్ని అతని కొడుకు హెన్రీ, సైన్యంలో ఫిరంగిదళ అధికారి, 1885లో ముందుకు సాగించాడు. సున్నపురాతి గుహల మట్టిలో అంతరించిన జంతువుల ఎముకలు కుప్పలుగా దొరికాయి.

గనుల పరిశ్రమకు సూటిగా ఉపయోగపడిన ఫుట్ పని బళ్లారి, అనంతపురం, మైసూరు ప్రాంతాల్లో జరిగింది. అక్కడి పురాతన నైస్ రాళ్ల మధ్య నల్లటి, పచ్చటి షిస్టు రాళ్లు పొడవాటి పట్టీలుగా ఉత్తర దక్షిణాలుగా సాగుతాయి. అంతకుముందు వీటిని నైస్‌లో భాగంగానే లెక్కవేసేవారు. ఇవి వేరే శిలాసమూహమని గుర్తించి 1886లో ఫుట్ ధార్వార్ అని పేరు పెట్టాడు. దక్షిణ భారతంలో బంగారం ప్రధానంగా ఉన్నది ఈ పట్టీల్లోనేనని 1888, 1889 సంవత్సరాల్లో సర్వే పత్రికలో వ్యాసాలు రాశాడు. అప్పటికి కోలారులో జాన్ టేలర్ కంపెనీ తవ్వకం లాభాల్లో పడుతోంది. వైనాడ్‌లో మాత్రం బంగారం పిచ్చితో వచ్చిన లండన్ పెట్టుబడి చాలావరకు మునిగిపోయింది. ఎక్కడ పడితే అక్కడ కాక, ధార్వార్ పట్టీలను చూసి వెతకాలన్న సూచన ఆ సమయంలో ఎంత విలువైనదో చెప్పనక్కరలేదు. కోలారు, హట్టి, ఉమ్మడి అనంతపురం జిల్లా రామగిరి, మూడూ ఈ పట్టీల్లోనివే. కోలారు గనులు 2001 ఫిబ్రవరి 28న మూతపడేనాటికి సుమారు 800 టన్నుల బంగారం ఇచ్చాయి.

సండూరు కొండల ఇనుప ఖనిజాన్ని ఫుట్ వివరంగా పరిశీలించాడు. బళ్లారి జిల్లా నివేదిక 1895లో వచ్చింది. అప్పటికి అతడు సర్వే నుంచి తప్పుకుని నాలుగేళ్లయింది. 1891లో పదవీ విరమణ చేశాక బరోడా సంస్థానానికి భూవిజ్ఞానిగా పనిచేశాడు. 1894లో మైసూరు సంస్థానం సొంతంగా భూవిజ్ఞాన శాఖ పెట్టుకున్నప్పుడు దాన్ని నెలకొల్పే పనీ అతనికే వచ్చింది.

చివరి ఏళ్లు సేలం దగ్గర ఏర్కాడులో గడిపాడు. నలభై ఏళ్లపాటు మకాంల నుంచి పోగుచేసిన రాతి పనిముట్లు, కుండ పెంకులు, పూసలు అన్నిటికీ ఏ ఊరిలో, ఏ వాగు పక్కన దొరికిందీ రాసి ఉంచాడు. 1904లో ఆ సేకరణను మద్రాసు ప్రభుత్వం కొన్నది. దానికి పట్టిక తయారుచేసే పని మీదే ఉండి 1912 డిసెంబరు 29న కన్నుమూశాడు. పట్టిక 1914లోను, వస్తువుల కాలం, వ్యాప్తి గురించిన రెండో సంపుటం 1916లోను మద్రాసు మ్యూజియం ప్రచురించింది. కర్నూలు, కడప, నెల్లూరు, బళ్లారి, అనంతపురం జిల్లాల ఊళ్ల పేర్లు అందులో వందల కొద్దీ ఉన్నాయి. ఎగ్మూరులోని ఆ మ్యూజియంలో ఆ రాళ్లు ఇప్పటికీ ఉన్నాయి.